ఇంటి చాక్లెట్టు ధర

కొత్తపేటలో బట్టల కొట్టు నడిపే వెంకటనర్సయ్యకు బయట ఏది కొన్నా దండగే. "ఇంట్ల చేస్తే సగం గూడ పడదు" అన్నది ఆయన ఊతపదం. సకల జనుల సమ్మె రోజుల్లో, పై పోర్షన్‌లో కిరాయికుండే వేదవతి బేకరీ చాక్లెట్ల డబ్బా తెచ్చిచ్చింది. ఒక్కోటి యాభై రూపాయలని తెలిసి, నోట్లో ఉన్నది ఆయనకు గొంతు దిగలేదు.

మర్నాడు బంద్. కొట్టు తెరిచే పని లేదు గనక ముందు రాత్రే కొని తెచ్చిన కోకో, వెన్న, జీడిపప్పుతో భార్య భాగ్యమ్మ చేత చాక్లెట్లు చేయించాడు. కలిపీ కలిపీ ఆమె చేతులు పడిపోయాయి. ఈయన సామాన్ల ఖర్చు లెక్కేసి, ఒక్కోటి ఇరవయ్యే పడిందని మెట్లెక్కి వెళ్లి వేదవతికి చాటాడు.

"మరి పిన్నిగారి కూలి కలిపారా బాబాయిగారూ?" అంది వేదవతి.

"ఇంటామెకు కూలేందమ్మా? పోచంపల్లిల మగ్గం నేసినప్పుడు గూడ నూలు కండెలు ఈమెనే చుట్టేది. చీర ధరల ఎన్నడన్న కలిపిననా?"

మెట్ల మీద నిలబడి విన్న భాగ్యమ్మ, గరిటె తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"అందరు చేస్తున్నరు గద. నేను గూడ సమ్మెల ఉన్న."

బంద్‌కు హోటళ్లన్నీ మూసేశారు. ఆ పూట వెంకటనర్సయ్య ఇరవై రూపాయల చాక్లెట్లే భోంచేశాడు, మామిడికాయ తొక్కు నంజుకుంటూ.