రంగు వాసన వంకతో

రంగుల మేస్త్రి పనికి వంక పెట్టే మొనగాడు లేడు. తాగడానికి మాత్రం ఆయన దగ్గర వంకలకు కొదవ లేదు. “రోజంతా ఆ రంగు వాసన పీలిస్తే గొంతు పట్టేస్తుంది. ఓ గుక్క పడితేనే వదులుతుంది” అనేవాడు. పనిచోట అందరూ తలూపేవారు. తాపీవాళ్లకు సిమెంటు దుమ్ము వంక, వడ్రంగికి ఒళ్లునొప్పుల వంక. తాగనివాణ్ణే వింతగా చూసే చోట ఎవరు ఎవర్ని మందలిస్తారు?

మొదట్లో పని దిగాక పడేది. పోనుపోను పొద్దున్నే పడకపోతే బ్రష్షు పట్టిన చెయ్యి వణికే దాకా వచ్చింది. భార్య పోరి పోరి విసిగి, మాట్లాడటమే మానేసింది.

ఒకరోజు మేస్త్రీ, ఆయన బావమరిదీ తాళ్లకు వేలాడే పలక మీద నిలబడి ఎత్తైన గోడకు రంగు వేస్తున్నారు. ఉన్నట్టుండి ఒక ముడి జారింది. పలక ఒరిగిపోయింది. బావమరిది నడుముకున్న సేఫ్టీ బెల్టు పుణ్యమా అని గాల్లో వేలాడాడు. మేస్త్రి కిటికీ చువ్వ దొరకబుచ్చుకున్నాడు. మేడమీది వాళ్లు పరుగున వచ్చి ఇద్దర్నీ పైకి లాగారు.

బావమరిది తిట్టలేదు. జారిన తాడు కొస చేతిలోకి తీసుకుని అడిగాడు.

“బావా, ఆ ముడి నువ్వే వేశావా?”

“వేశాననే అనుకున్నాన్రా.”

“అనుకున్నావా!”

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. ఇంటికెళ్లి ఉన్న సీసాలన్నీ పారబోశాడు. మర్నాటికి ఒళ్లంతా చెమటలు. గోడ మీద లేని చీమల్ని చేత్తో దులుపుతుంటే భార్య హడలిపోయి, తమ్ముణ్ణి పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్లింది.

“ఇన్నేళ్లు తాగి ఉన్నపళంగా ఆపేస్తే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఆపాలనుకున్నప్పుడే మా దగ్గరికి రావాల్సింది” అంది డాక్టరమ్మ, మందులు రాస్తూ.

“మందు మానడానికి మళ్లీ మందులా, డాక్టరమ్మా?”

“వీటి మోతాదు నా చేతిలో ఉంటుందిలే” అని ఆవిడ నవ్వేసింది.

కోలుకుని ఇంటికొచ్చాక తడి తువ్వాలు మంచం మీద పడేస్తే, మాట్లాడటం మానేసిన భార్య కసిరింది. “ఎవరు ఆరేస్తారనుకున్నావ్?” ఆ కసురుకు మేస్త్రి ప్రాణం లేచొచ్చింది. మధ్యలో ఒకసారి స్నేహితుడి ఇంట్లో నోరు కట్టుకోలేకపోయాడు. ఈసారి వంకలు వెతకలేదు, వెళ్లి డాక్టరమ్మకు చెప్పేశాడు. ఆవిడ కోప్పడలేదు, చికిత్స మళ్లీ మొదలుపెట్టింది. పనిలో చేరాక ఆయన వేసిన ముడి బావమరిది, బావమరిది వేసిన ముడి ఆయన లాగి చూడందే పలక ఎక్కడం లేదు.

మొన్న భోజనాల వేళ పైపుల పనివాడు వచ్చి పక్కన కూర్చున్నాడు. కొండంత మనిషి, గొంతు మాత్రం పిల్లిలా ఉంది.

“మేస్త్రీ, ఆ డాక్టరమ్మ ఎక్కడుంటుంది? నాకు కాదులే, మా అన్నయ్యకి.”

అతనికి అన్నయ్య లేడని అక్కడ అందరికీ తెలుసు.

“అలాగా” అన్నాడు మేస్త్రి, నవ్వు ఆపుకుంటూ. “మీ అన్నయ్యని పొద్దున్నే తయారై ఉండమను. నేనే వచ్చి తీసుకెళ్తా.”