పోతా కాదు, పోయొస్తా

కాళ్ళు ఊపితే ఇంట్లో లక్ష్మి నిలవదని మా అమ్మ చిన్నప్పటి నుంచీ నా తొడ మీద చరుస్తూనే ఉంది. కాళ్ళు మాత్రం ఆగలేదు. తప్పు నాది కాదు. నగరిలో మా ఇంటి ముందు గదిలో నాలుగు పవర్‌లూమ్ మగ్గాలు. పొద్దున కరెంటు వచ్చిన దగ్గర్నుంచీ అవి కొట్టుకుంటూనే ఉంటాయి. వాటితో పాటు గోడ, నేల, అన్నం తినే కంచం, నా కాళ్ళు. తిరుపతిలో కాలేజీ హాస్టల్‌కి వచ్చాక ఆ చప్పుడు లేక పిచ్చెక్కినట్టుండేది. ఇక్కడా గోలకి తక్కువ లేదు, బస్సులూ ఆటోలూ జనమూ. కానీ అది నా గోల కాదు.

రెండో ఏడాది నాలుగు సబ్జెక్టులు పోయాయి. ఫోన్‌లో నాయన అడిగితే "అన్నీ అయిపోయినాయి నాయనా" అనేదాన్ని. అబద్ధం కూడా కాదు, నిజంగానే అయిపోయాయి. క్లాసులు మానేసి హాస్టల్ వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతుంటే వార్డెన్ నన్ను పట్టుకుని లైబ్రరీ వెనక గదికి పంపింది. బుధవారం సాయంత్రాలు మాబోటి వాళ్ళను గుండ్రంగా కూర్చోబెట్టి ఒక కౌన్సెలర్ మేడం అక్కడ మాట్లాడించేది.

మొత్తం ఆరుగురం. మొదటి రోజు మేడం "గ్రూప్‌లో అందరితో షేర్ చేసుకోండి" అనగానే ఐరాల నుంచి వచ్చిన అబ్బాయి సంచిలోంచి బిస్కెట్ ప్యాకెట్ తీసి తలా రెండు పంచాడు. పాపం, వాడికి అర్థమైనది అదే. ఆ గదికి ఒకటే నియమం, లోపల విన్నది గడప దాటకూడదు. ఆ మాట ఇచ్చాను కాబట్టి ఎవరి పేరూ చెప్పను. ఇక రాయబోయేది కూడా ఒక అక్కను అడిగి, ఆమె సరేనన్నాకే రాస్తున్నాను.

ఆ అక్క మాకంటే ఒక ఏడాది సీనియర్. గూడూరు పిల్ల. వాళ్ళ నాన్నది నిమ్మకాయల వ్యాపారం. ఎప్పుడూ చేతిలో ఒక కాయ పెట్టుకుని దొర్లిస్తూ కూర్చునేది. తన వంతు రాగానే తల అడ్డంగా ఊపేది, అంతే. ఐదు వారాలు ఒక్క మాట లేదు. నా నోరు ఊరుకుంటుందా? "మేడం, గూడూరు జంక్షన్‌లో బండి నిలబడిపోయింది, సిగ్నల్ ఇచ్చేవాళ్ళు లేరు" అనేదాన్ని. అందరూ నవ్వేవాళ్ళు, ఆమె కూడా. నవ్వించేవాళ్ళని ఎవరూ అనుమానించరు, ఆ సంగతి నాకు బాగా తెలుసు.

ఆరో బుధవారం నాటికి నాకు బతకాలని లేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతోంది, కానీ రాయాలి. నా మంచి శాలువా రూమ్మేట్‌కి ఇచ్చేశాను. పెట్టె సర్దేశాను. అన్నిటికంటే వింత, ఆ రోజు నా కాళ్ళు ఊగలేదు. అమ్మ చూసి ఉంటే ఎంత సంతోషించేదో! మేడం "ఈ వారం ఎలా ఉన్నావు?" అంటే "బాగుండాను" అని చెప్పి, మెస్‌లో సాంబారు గురించి ఏదో కథ చెప్పి అందరినీ నవ్వించాను.

మా వైపు గడప దాటేవాళ్ళు ఎవరూ "పోతా" అనరు. వీధి చివరకు పాల కోసం పోయినా "పోయొస్తా" అనే అనాలి. నోరు జారితే మా అవ్వ వెనక్కి పిలిచి, గడప లోపల నిలబెట్టి, మళ్ళీ అనిపించేది. నగరిలో తెలుగువాళ్ళకీ అరవవాళ్ళకీ ఎన్ని తగువులున్నా ఈ ఒక్క మాట దగ్గర తేడా లేదు.

ఆ సాయంత్రం అందరూ "పోయొస్తాం మేడం" అంటూ లేచారు. నేను చెప్పులు వేసుకుంటూ "పోతా మేడం" అన్నాను. అలా అన్నట్టు నాకే తెలియదు. మేడం ఎవరిదో ఫారం నింపుతూ తల ఊపింది. మెట్ల దగ్గర నా మణికట్టును ఎవరో గట్టిగా పట్టుకున్నారు. చూస్తే గూడూరు అక్క.

"ఏమన్నావు మే?"

ఆమె గొంతు వినడం అదే మొదటిసారి. బొంగురుగా ఉంది.

"యాడ? నేనేమీ అన్లేదే."

"పోతా అన్నావు. పోయొస్తా అని చెప్పు."

నాకు ఒళ్ళు మండింది. "ఐదు వారాలు నోట్లో నిమ్మకాయ పెట్టుకున్నట్టు కూర్చోనుండి, ఈరోజు నాకు తెలుగు నేర్పేదానికి వచ్చినావా?"

"తిట్టు. తిట్టి, చెప్పు."

చెప్పేసి వదిలించుకుందామని నోరు తెరిచాను. సగం దగ్గరే ఆగిపోయింది. ఇంకోసారి ప్రయత్నించాను, రాలేదు. ఆరు నెలలుగా నాయనకు నీళ్ళు తాగినంత సులువుగా అబద్ధాలు చెప్పిన నా నోరు, ఈ ఒక్క అబద్ధానికి తిరగలేదు. ఆ వారం మొత్తంలో నాకు భయం వేసింది అప్పుడే.

"మా తమ్ముడు గూడా పోతా అనే పోయినాడు" అంది అక్క. "మాయమ్మ వంటింట్లో ఉండాది, వినలేదు. నేను విన్నా. మళ్ళా చెప్పు అనింటే ఒక్క నిమిషం పట్టేది. నేను అన్లేదు. ఫోన్ చూసుకుంటా కూర్చున్నా."

నిమ్మకాయ ఎప్పుడో మెట్ల మీద నుంచి దొర్లిపోయింది. ఆమె చెయ్యి మాత్రం వదలలేదు. నేను అక్కడే కూలబడ్డాను, కాళ్ళు గడగడా ఊగడం మొదలుపెట్టాయి. ఆమె గదిలోకి ఒక్క కేక వేస్తే మేడం పరిగెత్తుకొచ్చి నా పక్కన మెట్టు మీదే కూర్చుంది. డొంకతిరుగుడు లేకుండా "చచ్చిపోవాలని అనుకుంటున్నావా?" అని అడిగింది. "ఊ" అన్నాను. అంత పెద్ద మాటకు అంత చిన్న జవాబు సరిపోతుందని నాకు తెలియదు. తర్వాత నన్ను ఒక్క క్షణం ఒంటరిగా వదల్లేదు. డాక్టరు దగ్గరకు తీసుకుపోయారు, నాయనకు ఫోన్ చేశారు.

నాయన తెల్లారి బస్సుకే వచ్చాడు, జుట్టులో దూది నూగుతో. సబ్జెక్టుల సంగతి నా నోటితోనే చెప్పాను. దెబ్బ పడుతుందనే అనుకున్నాను.

"నాలుగేనా?" అన్నాడు. "నేను పదో క్లాసు మూడుతూర్లు తప్పినా. నాలుగోతూరి పరీక్షకు పోతా ఉండానని మీ తాతకు చెప్పి కాళహస్తిలో తిరిగొచ్చినా. ఈ దొంగ యేషాలన్నీ నా దగ్గర నుంచే వచ్చినాయి నీకు" అని కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఈ మనిషికా నేను ఆరు నెలలు భయపడింది అని నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

డాక్టరు కొన్నాళ్ళు ఇంట్లో ఉండమన్నాడు. నాయన నా పెట్టె ఆటోలో పెడుతుంటే అక్క హాస్టల్ గేటు దగ్గర నిలబడి ఉంది. నా నోటి వైపే చూస్తోంది.

"పోయొస్తా అక్కా" అన్నాను. ఈసారి మాట సగంలో ఆగలేదు.

"రా మే. నువ్వొచ్చి కూర్చుంటేనే నేను మా తమ్ముడి గురించి చెప్పేది."

ఆటో కదిలింది. నా కాళ్ళు ఊగుతూనే ఉన్నాయి, సీటు అదిరేటంతగా. నాయన ఒకసారి వాటి వైపు చూశాడు.

"ఊగనీలే" అన్నాడు.