లిఫ్టుకు మనుషుల్ని లెక్కపెట్టడం రాదు

గత నెల మొదటి ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు మా భవనం కార్యదర్శిగారి అత్తగారు లిఫ్టులో కాలు పెట్టారు. గంట మోగింది. కాలు తీశారు, ఆగింది. మళ్లీ పెట్టారు, మళ్లీ మోగింది. లోపల అప్పటికి కార్యదర్శిగారు, ఆయన భార్య, బావమరిది, నేను, రెండు పెట్టెలు ఉన్నాం. గోడమీది పలకలో ‘ఆరుగురు, 408 కిలోలు’ అని రాసి ఉంది. అత్తగారితో కలిపి ఐదుగురమే కాబట్టి తప్పు యంత్రానిదేనని కార్యదర్శిగారు తేల్చారు. అయినా ఒక ప్రయత్నంగా, అత్తగారు నేలమీద పెట్టిన చేతిసంచిని ఎత్తి పట్టుకోమన్నారు. ఎత్తి పట్టుకున్నారు. మోగింది. ఊపిరి బిగబట్టమన్నారు. బిగబట్టారు. మోగింది. మూలన నిలబడిన నేను తొంభైరెండు కిలోలు. పైకప్పుకు ఉన్న చిన్న ఫ్యానుకేసి చాలా శ్రద్ధగా చూస్తూ ఉండిపోయాను. చివరికి అత్తగారు ఐదంతస్తులూ మెట్లెక్కారు. ప్రతి అంతస్తులోనూ ఆగి, ఎందుకు నడుస్తున్నారో అడిగినవారికీ అడగనివారికీ చెప్పారు.

ఆ మధ్యాహ్నమే మెకానిక్‌కు ఫోను వెళ్లింది.

ఈ మెకానిక్ పదహారేళ్లుగా మా లిఫ్టును చూస్తున్నాడు. సన్నగా, పొడుగ్గా, జేబు దగ్గర గ్రీసు మరకున్న బూడిదరంగు చొక్కాతో ఉంటాడు. ఆ మరక ఏ చొక్కా వేసినా అక్కడే ఉంటుంది. అతనికి కోపం రాని రోజు ఒకటుందంటే అతని భార్యే నమ్మదు. తలుపు మూసుకోకుండా పూలకుండీ అడ్డం పెట్టేవాళ్లంటే కోపం. బటన్‌ను పదిసార్లు నొక్కేవాళ్లంటే మరీ కోపం. “మొదటిసారి నొక్కగానే దానికి తెలిసిపోయింది. మిగతా తొమ్మిదిసార్లూ మీ వేలికి వ్యాయామం” అని ఒకసారి నా మొహంమీదే అన్నాడు. నేను వేలు జేబులో పెట్టుకున్నాను.

పిల్లలు మాత్రం అతన్ని వదలరు. అతను నెలకోసారి రెండో శనివారం వస్తాడు. ఆ రోజు వాళ్లకు సెలవు. టెర్రస్ మీద యంత్రం గది గుమ్మానికి ఇవతల సుద్దముక్కతో గీత గీసి, “ఇది దాటినవాడి చెవి నా చేతిలో ఉంటుంది” అని చెప్పి పని మొదలుపెడతాడు. గీత ఇవతల ఏడెనిమిది మంది కూర్చుంటారు. మనిషికొక ప్రశ్న. ముందు ప్రశ్నమీద మండిపడతాడు, తరవాత జవాబు చెబుతాడు. ఆ వరస ఎప్పుడూ తప్పలేదు.

“మామయ్యా, లిఫ్టు పడిపోతున్నప్పుడు సరిగ్గా ఆఖరి క్షణంలో ఎగిరితే బతుకుతామా?” అని ఒకసారి మా అమ్మాయి అడిగింది. దానికి పన్నెండేళ్లు.

“ఆఖరి క్షణం వచ్చిందని నీకెవరు చెప్తారమ్మా? తలుపు తట్టి చెప్తారా?” అని రెంచి కింద పడేశాడు. “ఐదో అంతస్తు నుంచి ఏ అడ్డూ లేకుండా పడితే కిందకొచ్చేసరికి గంటకి అరవై కిలోమీటర్ల వేగం ఉంటుంది. నువ్వు కూడా అదే వేగంతో పడుతుంటావు. ఎంత గట్టిగా ఎగిరినా ఓ పది తగ్గుతుంది. అరవైతో తగలాల్సింది యాభైతో తగుల్తావు. పైగా ముందు తల కప్పుకి కొట్టుకుంటుంది. ఇంకా నయం, గొడుగు తెచ్చుకోనా అని అడగలేదు!”

ఆ వెంటనే తనే ఒక ప్రశ్న వేశాడు. “సరే, ఎవరూ లేని ఖాళీ లిఫ్టుకి బ్రేకు పోయిందనుకో. ఎటు పోతుంది?”

“కిందకి!” అని అందరూ అరిచారు. కాస్త వెనక నిలబడ్డ నేనూ అన్నాను.

“పైకి పోతుందర్రా! తాడుకి రెండో చివర ఇనపదిమ్మలున్నాయి. అవి ఖాళీ పెట్టెకన్నా బరువు. ఎప్పుడన్నా గది కిటికీలోంచి తొంగిచూశారా? ఇందులో రోజూ ఎక్కుతారు, దిగుతారు. దీనికి తోక ఉందని ఒక్కడికీ తెలీదు!”

ఇంకోసారి మా ఇంట్లోని బరువు చూసే యంత్రాన్ని లిఫ్టులో పెట్టించి, దానిమీద అమ్మాయిని నిలబెట్టి ఐదో అంతస్తుకు పంపాడు. నలభై ఉన్న ముల్లు బయల్దేరేటప్పుడు నలభైరెండుకు వెళ్లింది. లిఫ్టు ఒకే వేగం అందుకున్నాక మళ్లీ నలభైకి వచ్చింది. ఆగబోయేముందు ముప్పైఎనిమిదికి దిగింది. “కదిలితే కాదు, వేగం మారితేనే ముల్లు మారుతుంది. రాసుకో” అన్నాడు. అది రాసుకుంది. దానితో ఆగకుండా, పలకమీది ‘ఆరుగురు’ అంటే ఏమిటని అడిగింది.

“దీనికి మనుషుల్ని లెక్కపెట్టడం రాదు తల్లీ. నేల కింద నాలుగు రబ్బరు దిమ్మలున్నాయి. బరువు పడితే నలుగుతాయి. మరీ నలిగితే నేల దిగి మధ్యలో ఉన్న చిన్న స్విచ్చికి తగుల్తుంది, గంట మోగుతుంది. పలక రాసినవాడు మనిషంటే అరవైఎనిమిది కిలోలు అనుకున్నాడు. మీ నాన్నని చూసుంటే అలా రాసేవాడు కాదు. పో, మీ బిల్డింగులో ఎవరెంతో తూచి రాసుకునిరా.”

అది బరువు యంత్రం చంకన పెట్టుకుని ఇరవై ఇళ్లూ తిరిగింది. ఆ వారం మా భవనంలో ఎవరూ ఎవరి కళ్లలోకీ చూసుకోలేదు. నేను గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఆరు కిలోలు తగ్గించుకున్నాను.

ఇలాంటి మనిషికి కార్యదర్శిగారు ఫోను చేసి, గంట తీసేయమన్నారు. మెకానిక్ వచ్చి లిఫ్టంతా చూశాడు. గంట సరిగ్గానే ఉందన్నాడు.

“సరిగ్గా ఉండటమేనయ్యా బాధ! ఇంటికొచ్చిన పెద్దావిణ్ని పట్టుకుని అవమానం చేస్తుంటే” అన్నారు కార్యదర్శిగారు.

“అది ఆవిణ్ని ఏమీ అనలేదు సార్. పెట్టెలు దింపినా ఆగేది. మీరు దిగినా ఆగేది. గంట తీగ మాత్రం తియ్యను.”

“నీ కాంట్రాక్టు వచ్చే నెలతో అయిపోతుంది, గుర్తుందా?”

“తీగ కూడా అలాగే గుర్తుంచుకోండి సార్” అని బండి ఎక్కి వెళ్లిపోయాడు. ఆ తరవాత కార్యదర్శిగారు రెండుసార్లు ఫోను చేసినా, గంట ఎందుకుందో మళ్లీ చెప్పి అదే జవాబిచ్చాడు.

పది రోజుల తరవాత ఒక కాగితం ఇల్లిల్లూ తిరిగింది. ‘లిఫ్టులో అనవసర శబ్దము తగ్గించుట గురించి’ అని పైన ఉంది. నేను చదివాను, అర్థమైంది, సంతకం చేశాను. అర్థం కాలేదని చెప్పుకుంటే బాగుండేది కానీ, ఆ గంట నాకోసం కూడా రెండుసార్లు మోగింది మరి. వీధి చివర దుకాణంలోని ఎలక్ట్రీషియన్ వచ్చి పది నిమిషాల్లో తీగ కత్తిరించి వెళ్లాడు. లిఫ్టు చాలా మర్యాదగా మారింది. ఎంతమంది ఎక్కినా కిక్కురుమనలేదు.

పదకొండో రోజు సాయంత్రం అమ్మాయి నోటుబుక్కు పట్టుకుని నా ముందు నిలబడింది.

“నాన్నా, ఇప్పుడు లిఫ్టులో నీతో కలిపి ఎనిమిది మంది ఎక్కారు. అందరూ నా పుస్తకంలో ఉన్నారు. కూడితే ఐదువందల పదకొండొచ్చింది. గంట మోగలేదు.”

“కూడికలో తప్పుందేమో చూడు.”

“ఉంది. నువ్వు గోడకి ఆనించి దాచిన ఆరు కిలోలు కలపలేదు. ఫోనివ్వు, మామయ్యకి చెప్పాలి.”

అరగంటలో మెకానిక్ వచ్చాడు. లిఫ్టులో ఉన్నవాళ్లను దింపి, కరెంటు ఆపి, స్విచ్చిపెట్టెకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. తీగ చూడటానికి నన్ను టార్చి పట్టుకోమన్నాడు. తెగిన రెండు కొసలకూ నల్లటి టేపు చుట్టి ఉంది.

“నీట్‌గా చుట్టాడు, వెధవ” అన్నాడు. టేపు విప్పుతూ, “నేనూ ఇంతే నీట్‌గా చుట్టాను” అన్నాడు.

నేను టార్చి తిప్పి అతని మొహంలోకి చూశాను.

“పాతికేళ్లయింది. పనిలో చేరిన కొత్త. బిల్డింగు ఓనరు గంట గోల పడలేకపోతున్నానంటే, పెద్దమనిషి అడిగాడు కదా అని తీగ కోశాను. రెండు నెలలు ఏమీ కాలేదు. మూడో నెల తొమ్మిది మంది ఎక్కారు. రెండో అంతస్తులో ఆగాల్సింది ఆగలేదు, జారింది. అడుగునున్న స్ప్రింగులదాకా జారింది. ఎవరూ పోలేదు. ఒక టీచరమ్మకి తుంటి విరిగింది. ఆ తరవాత ఆవిడ నిలబడి పాఠం చెప్పలేదు. ఇంకా అక్కడే చూస్తారేంటి, టార్చి ఇటు పట్టండి!”

నేను టార్చి ఇటు పట్టాను. ఆ కాగితంమీద సంతకం చేసినవాళ్లలో నేనూ ఉన్నానని అతనికి చెప్పలేదు. ఇప్పటికీ నాకు కార్యదర్శిగారిమీద ఉన్న కోపం కన్నా ఆ సంతకంమీదే ఎక్కువ కోపం.

రెండు రోజులు అందరం మెట్లెక్కాం. మూడోరోజు ఆదివారం ఉదయం కింద పార్కింగులో సమావేశం. కార్యదర్శిగారు ఉతికిన తెల్లచొక్కాతో వచ్చారు.

“అధికారం లేకుండా లిఫ్టు ఆపాడు. తాళంచెవి ఇవ్వడు. ఇతన్ని తీసేసి కొత్తవాణ్ని పెట్టుకుందాం.”

“పెట్టుకోండి. తీగ కలిపాక తాళంచెవి వాడి చేతికే ఇస్తాను. తీగ కలపనిదే మాత్రం ఎవరికీ ఇవ్వను” అన్నాడు మెకానిక్.

అప్పుడు నాలుగో అంతస్తు పిల్లవాడు, అసలు ప్రశ్నకిది సమయం కాదన్న సంగతే తెలియనివాడు, చెయ్యెత్తాడు. “మామయ్యా, తాడు ఇంతకి పదింతలు బరువు మోస్తుందని మీరే అన్నారుగా? మరి ఇద్దరు ఎక్కువెక్కితే ఏమవుతుంది?”

“చూశారా? వాడికి తెలిసింది” అన్నారు కార్యదర్శిగారు.

మెకానిక్ ఒక క్షణం కళ్లు మూసుకున్నాడు. “పెద్దాళ్లు అడగాల్సిన ప్రశ్న వీడు అడిగాడు. రెండు బకెట్లు పట్రండ్రా. నీళ్లు కూడా.”

సంచిలోంచి పాత కప్పీ తీసి పైపుకు వేలాడదీశాడు. దానిమీద తాడు వేసి, రెండు కొసలకూ రెండు బకెట్లు కట్టాడు. కప్పీ తిరగకుండా ఒక స్క్రూడ్రైవరు అడ్డం దోపాడు.

“ఇదే బ్రేకు. ఈ బకెట్టు ఇనపదిమ్మలు, ఆ బకెట్టు మీరు. ఇప్పుడు చెప్పండి, తాడు చక్రానికి ఎక్కడ కట్టి ఉంది?”

పిల్లలు దగ్గరికెళ్లి చూశారు. “ఎక్కడా కట్టలేదు మామయ్యా. ఊరికే మీద పడుంది.”

“ఊరికే మీద పడుంది! పైన మెషిన్ రూములోనూ అంతే. రెండువైపుల బరువుతో తాడు చక్రాన్ని అదుముకుంటుంది. ఆ రాపిడే మిమ్మల్ని మోసేది. ఇప్పుడు నీళ్లు పొయ్యండి.”

రెండు బకెట్లలో చెరి మూడు చెంబులు పోశారు. ఏమీ కాలేదు. మా అమ్మాయి మనుషుల బకెట్టులో నాలుగో చెంబు పోసింది. ఏమీ కాలేదు. ఐదోది పోసింది. కార్యదర్శిగారు గడియారం చూసుకున్నారు. ఆరోది సగం పోసేసరికి తాడు బరబరా జారింది. ఒక బకెట్టు నేలకు తగిలి దొర్లింది, రెండోది పైకెగిరి కప్పీకి గుద్దుకుంది. నీళ్లు ముందు వరస కుర్చీల కిందకు పారాయి.

“తాడు తెగిందా?” అని అరిచాడు మెకానిక్.

“లేదు!”

“చక్రం తిరిగిందా?”

“లేదు!”

“మరి బకెట్టెక్కడుంది?”

పిల్లలు చూపించారు. మూడో అంతస్తులో ఉండే రిటైరైన బ్యాంకు అధికారి మెల్లగా లేచాడు. “గంట లేకుండా పదకొండు రోజులు తిరిగామా మనం? మా మనవరాలు రోజుకి నాలుగుసార్లు ఎక్కుతుంది” అన్నాడు. అంతే. నేనూ లేచి, తీగ కలపమని నా సంతకం మొదట పెట్టాను. ఈసారి గోడను ఆనుకోలేదు. మిగతా పంతొమ్మిదీ ఐదు నిమిషాల్లో పడ్డాయి. కొత్త మెకానిక్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మధ్యాహ్నానికి తీగ కలిసింది. మెకానిక్ పనిముట్లు తుడుచుకుంటుంటే కార్యదర్శిగారు వచ్చారు. తడిసిన బూట్లు ఇంకా ఆరలేదు.

“మంచి పని చేశావయ్యా! ఇంతమంది ముందు, అందులోనూ పిల్లల ముందు, నా పరువు తీశావు. ఆ సంగతేదో నాతో విడిగా చెప్పొచ్చుగా?”

మెకానిక్ సంచి భుజాన వేసుకున్నాడు.

“విడిగా మీకు మూడుసార్లు చెప్పాను సార్, పిల్లలకి ఒక్కసారే చెప్పాను.”