రాజకుమారికి సెలవివ్వని ముదీర్

నేను చేసిన తెలివితక్కువ పనులన్నిటినీ వరసగా నిలబెడితే రువైస్ నుంచి అబూదాబి దాకా క్యూ కడతాయి. ఆ క్యూలో అన్నిటికంటే ముందు ఛాతీ విరుచుకుని నిలబడేది మాత్రం ఆ సినిమా. పిల్లల బొమ్మల సినిమా చూసి రావడంలో ఒక మనిషి ఎంత పరువు పోగొట్టుకోగలడని మీకు అనుమానం ఉంటే కాస్త ఓపిక పట్టండి. మొత్తం పోగొట్టుకోవచ్చు.

మాది జగిత్యాల దగ్గర పల్లెటూరు. నేను గల్ఫ్‌లో, రువైస్ అనే ఊళ్ళో పరంజాలు కట్టించే స్కాఫోల్డింగ్ ఫోర్‌మన్‌ని. మా అమ్మాయి సహస్ర నన్ను ఎక్కువగా చూసింది ఫోన్లోనే. ఏడాదికోసారి నెల రోజులు ఊరికి వెళ్తే మొదటి వారమంతా సిగ్గుపడేది, చివరి వారమంతా ఏడ్చేది. మధ్యలో మిగిలిన ఆ కొద్ది రోజులే నేను తండ్రిని.

నీడ పోగొట్టుకున్న రాజకుమారి అనే ఇంగ్లీషు సినిమా ట్రైలర్ వచ్చినప్పుడు సహస్ర ఇంకా ఒకటో తరగతి. కరోనా పుణ్యమా అని సినిమా వాయిదా పడింది. మళ్ళీ పడింది. తీరా విడుదలైతే మా వైపు హాళ్ళలో హీరోల సినిమాలే తప్ప ఇది ఆడలేదు. సరిగ్గా అప్పుడే తల్లీ కూతురూ విజిట్ వీసా మీద నా దగ్గరికి వచ్చారు. ఎయిర్‌పోర్టులో నన్ను చూడగానే సహస్ర అన్న మొదటి మాట, “డాడీ, నీడ సినిమా ఈడ నడుస్తాందా?”

“నడవకేం బిడ్డా! దుబాయ్‌ల లేనిదేంది?” అన్నాను. మా వైపు గల్ఫ్‌లో ఏ ఊరైనా దుబాయే.

ఫోన్లో చూస్తే రెండు ఆటలున్నాయి. ఒకటి నిండిపోయింది. రెండోదాంట్లో కాళ్ళు చాపుకుని పడుకునేన్ని సీట్లు ఖాళీ. దాని పక్కన ‘అరబిక్’ అని రాసి ఉంది. ఇక్కడ ఏ ఇంగ్లీషు సినిమాకైనా అడుగున అరబ్బీ అక్షరాలు వస్తాయి, ఆ సంగతే రాశారనుకున్నాను. ఉప్పు ప్యాకెట్ మీద కూడా అరబ్బీ ఉండే దేశంలో ఆ ఒక్క మాటను ఎవరు పట్టించుకుంటారు చెప్పండి?

శనివారం కారులో బయల్దేరాం. మా కాలనీ గేటు దగ్గర కాపలా ఉన్న ఈజిప్టు ఆయన కిటికీలోకి వంగి ఏదో అడిగాడు. నేను “తమామ్, తమామ్” అన్నాను, అంతా బాగుందని. ఆయన నవ్వి వదిలేశాడు. వెనక సీట్లో సహస్ర కళ్ళు ఇంతింత చేసుకుంది.

“డాడీ, నీకు అరబ్బీ వస్తదా?”

అక్కడే నోరు మూసుకుని ఉంటే మీకీ కథ ఉండేది కాదు. “ఇన్నేండ్ల సంది ఉంటున్న, రాకేంజేస్తది? మంచినీళ్ళు తాగినట్టు మాట్లాడుత” అన్నాను.

మా ఆవిడ లత నా వైపు తిరిగింది. “మొన్న దుకాన్ల అరబాయన ఏదో అడిగితే చేతులు ఊపుకుంట నిలవడితివి గదా?”

“అది వేరే అరబ్బీ.”

మీ దగ్గర దాచడమెందుకు, నాకొచ్చింది సైటు అరబ్బీ. యల్లా అంటే పదండి, ఖలాస్ అంటే అయిపోయింది, మాఫీ అంటే లేదు, బుక్రా అంటే రేపు, ఇజాజా అంటే సెలవు, ముదీర్ అంటే మేనేజర్. ఈ మాటలతో ఉద్యోగం నిక్షేపంగా చేయొచ్చు. సినిమా చూడొచ్చా అన్నది అప్పటికి ఎవరూ పరీక్షించలేదు.

హాల్లో దీపాలు ఆరాయి. సహస్ర నా చెయ్యి పట్టుకుంది. తెర మీద రాజకుమారి కిటికీ తలుపులు తెరిచి, రెండు చేతులూ చాపి పాట ఎత్తుకుంది. అరబ్బీలో.

పాటొక్కటే అలా ఉంటుందేమోనని కాసేపు దేవుడికి మొక్కుకున్నాను. పాట అయ్యాక రాజు మాట్లాడాడు. అరబ్బీ. మేక మాట్లాడింది. అది కూడా అరబ్బీయే.

“డాడీ, ఇది ఇంగ్లీష్ గాదు” అంది సహస్ర. ట్రైలర్లోని మాటలన్నీ ఇంగ్లీషులో బట్టీ పట్టిన పిల్ల. కింది పెదవి వణకడం ఆ చీకట్లోనూ కనిపించింది. ఇన్నేళ్ళు ఎదురుచూసిన సినిమాను నా చేతులతో నేనే పాడు చేశాను.

అంతలో దాని ముఖం వెలిగింది. “నీకు వస్తది గదా! నువ్వు జెప్పు!”

లత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దగ్గు కోసం మాత్రం కాదు.

ఇక మొదలుపెట్టాను. నల్లటి పొడవు గౌను వేసుకున్న ఒకామె పెట్టెకు తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకుంది. రాజకుమారి ఏదో బతిమాలింది. ఆమె తల అడ్డంగా ఊపింది.

“ఈమె ముదీర్” అన్నాను. “రాజకుమారి ఇజాజా అడుగుతాంది. ఈమె మాఫీ అంటాంది.”

“పెట్టెల ఏమున్నది?”

“పాస్‌పోర్ట్” అన్నాను. మా కంపెనీలో తాళం పెట్టెలో ఉండేవి అవే మరి.

“రాజకుమారికి పాస్‌పోర్ట్ ఎందుకు డాడీ?”

“మరి ఊరికెట్ల పోతది?”

ఒకసారి అబద్ధం గాడిన పడితే దానంతటదే పరుగెడుతుంది. మేకను డ్రైవర్‌ని చేశాను. రాజుగారిని హెడ్డాఫీసు పెద్దమనిషిని చేశాను. రాకుమారుడు ఒకసారి “బుక్రా” అన్నాడు. నాకు తెలిసిన మాట వినబడిన ఆనందంలో సీట్లో ఎగిరి, “రేపు వీసా వస్తదంటాండు!” అని గట్టిగా అరిచాను.

ముందు వరసలో మనవలతో కూర్చున్న అరబ్బు పెద్దాయన వెనక్కి తిరిగి, వేలు చూపిస్తూ చాలాసేపు మాట్లాడాడు. నాకు చివరి “ఖలాస్” ఒక్కటే అర్థమైంది.

“ఏమంటాండు డాడీ?”

“కథ మంచిగ చెప్తున్ననని మెచ్చుకుంటాండు.”

“మెచ్చుకునేటోడు వేలెందుకు చూపెడుతాండు?” అంది లత.

చివరికి నల్లగౌను ఆమె ఏడుస్తూ తాళం తీసింది. పెట్టెలోంచి మెరుస్తూ ఏదో ఎగిరి వచ్చి రాజకుమారి పాదాల దగ్గర నీడలా పరుచుకుంది. ఇద్దరూ కావలించుకున్నారు. హాలంతా ముక్కులు చీదే చప్పుడు.

“ముదీర్ ఎందుకు ఏడుస్తాంది?” గుసగుసగా అడిగింది సహస్ర.

“మంచి పనిమంతురాలు పోతాంటే ఏ ముదీర్‌కైనా ఏడుపస్తది” అన్నాను. ఎంత పచ్చి అబద్ధం చెప్పండి! కానీ పిల్ల తల ఊపింది. తిరుగు ప్రయాణంలో దారంతా నా కథనే మళ్ళీ నాకు చెప్పింది. గండం గడిచిందనుకున్నాను.

వాళ్ళు ఇండియా వెళ్ళిపోయిన కొన్నాళ్ళకు ఒక ఆదివారం వీడియో కాల్ వచ్చింది. వెనక టీవీ మోగుతోంది. అందులో ఆ రాజకుమారి, శుద్ధమైన తెలుగులో.

“డాడీ,” అంది సహస్ర, “ఆమె ముదీర్ కాదు. రాజకుమారి వాళ్ళ అమ్మ.”

“అట్లనా?” అన్నాను.

“పెట్టెల పాస్‌పోర్ట్ లేదు. బిడ్డ దూరం పోతదని, నీడనన్న దగ్గర ఉంచుకుందామని దాచుకున్నదట.”

తెర మీద తల్లి ఏడుపు నా చెవిలో పడుతూనే ఉంది. సహస్ర లైన్ కట్టయిందనుకుని “హలో, హలో” అంది.

“ఉన్న బిడ్డా. నీకు అబద్ధం చెప్పిన. నాకు అరబ్బీ రాదు.”

“నాకప్పుడే ఎర్కయింది.”

“ఎట్ల?”

“మేక ఒక్కసారి మే అంటే నువ్వు ఎంతసేపు చెప్పినవ్!”

లత నవ్వు వెనక నుంచి స్పష్టంగా వినబడింది. “మరి నన్నెందుకు ఆపలేదు?” అన్నాను.

సహస్ర ముఖం ఫోన్ దగ్గరికి తెచ్చింది. “నువ్వు నా పక్కకు కూసోని చెప్పవడితివి. ఫోన్ల ఎప్పుడు అంతసేపు చెప్పవు. డ్యూటీ ఉన్నదని పెట్టేస్తవ్.”

ఈ దెబ్బకు ఆ అరబ్బు పెద్దాయన వేలు ఏ మూలకు?

అందుకని, మీ అందరి ఎదుట, నా సేఫ్టీ హెల్మెట్ మీద చెయ్యి పెట్టి గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. రాని భాష వచ్చని ఇక ఈ జన్మలో ఎక్కడా అనను. ఏ సినిమాకూ అర్థం చెప్పను. ఏ తల్లినీ ముదీర్‌ని చేయను.

ఈ ప్రమాణం వచ్చే వేసవి నుంచి అమలవుతుంది. మొన్న వాళ్ళకు మళ్ళీ వీసా వచ్చింది. ఇంకో బొమ్మల సినిమాకు టికెట్లు తీసుకోబోతూ, ఈసారి బుద్ధిగా, “ఇంగ్లీష్‌దే గదా?” అని అడిగాను.

“వద్దు డాడీ,” అంది సహస్ర, “అరబ్బీదే తీస్కో.”