భుజం మీది గొంగడి

యాలాల్ బుగ్గమ్మకు తక్కెడ అంటే ఒళ్లు మంట. సంతలో ఉల్లిగడ్డలైనా కుప్పలెక్కన కొనేదే తప్ప తూకానికి కొనేది కాదు. అందుకు కారణం చంద్రప్ప, ఆమె భర్త ఈరయ్యకు సొంత మేనల్లుడు.

ఈరయ్య గొంగళ్లు నేసేవాడు. వాటిని బుగ్గమ్మ తాండూరులో బస్సెక్కి వికారాబాదు సంతకు తీసుకుపోయేది. అది ఒక షావుకారు నడిపే బస్సు. టిక్కెట్టుకు ఇంత బరువని లెక్క, దాటితే అదనపు కిరాయి. మూటలు తూచే పని చంద్రప్పది. తల్లి పోయాక అతను పెరిగిందే బుగ్గమ్మ చేతి రొట్టె తిని. కిరాయి తప్పించుకునే ఉపాయం చెప్పిందీ అతనే.

"భుజం మీద కప్పుకున్నది సామాను గాదత్తా. నేను మూటనే తూస్త," అన్నాడు.

అప్పటినుంచి లెక్కకు మించిన గొంగళ్లను బుగ్గమ్మ తోటి ఆడవాళ్లకు కప్పేది. దిగగానే వాళ్లు తిరిగిచ్చేవాళ్లు. నడి ఎండాకాలంలో గొంగడి కప్పుకుని చెమటలు కక్కే ఆడవాళ్లను చూసి బస్సంతా నవ్వేది. అన్నేళ్లలో ఒక్క గొంగడీ పోలేదు.

పందొమ్మిది వందల యాభై ఎనిమిది చలికాలంలో ఈరయ్య క్షయతో వికారాబాదు పక్కనున్న అనంతగిరి ఆసుపత్రిలో పడ్డాడు. అమ్మే గొంగడికి చింతగింజల గంజి పెడతారు. దాంతో అది బిరుసెక్కి బరువవుతుంది. ఆ బరువు ఈరయ్య రొమ్ము మోయలేకపోయింది. అందుకని బుగ్గమ్మ గొర్రెపిల్లల మెత్తని ఉన్ని వడికి, గంజి తగలనీయకుండా అతని కోసం ఒకటి నేయించింది. అమ్మకపు వాటిలో కలవకూడదని దాన్ని పక్కింటి శంకరమ్మకు కప్పి బస్సు దగ్గరికి వచ్చింది.

ఆ రోజు షావుకారు స్వయంగా వచ్చి నిలబడ్డాడు. చంద్రప్ప మూట తూచాడు, సరిపోయింది. షావుకారు ఏమీ అడగలేదు. అడగకముందే చంద్రప్ప శంకరమ్మ వైపు చెయ్యి చూపించాడు.

"గామె మీదున్నది గూడ ఈమెదే దొరా. ఎప్పుడు గిట్లనే చేస్తది."

షావుకారు జరిమానా అన్నాడు. సంత కాకముందు ఆమె దగ్గర పైసలెక్కడివి? గొంగడి గుంజుకున్నారు. బదులుగా మూటలోది ఏదైనా తీసుకోమని బతిమాలింది. పట్టుబడిందే జరిమానా కింద జమ అన్నాడు షావుకారు.

"నేను, నా మూట కల్సినా నీ అంత తూగం దొరా. నువ్వు ముందు సీట్ల కూసుంటే బస్సుకు బరువైతలేదా?" అంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. చంద్రప్ప తక్కెడ గొలుసులు సర్దుకుంటూ తల ఎత్తలేదు. షావుకారు అతని వీపు తట్టి, వచ్చే నెల నుంచి టిక్కెట్లు కొట్టే పని నీదేనన్నాడు. పెంచినవాణ్ణి నలుగురిలో తిట్టడానికి బుగ్గమ్మకు నోరు రాలేదు.

ఆసుపత్రిలో ఈరయ్యకు మూటలోది ఒకటి తీసి కప్పింది. అతను అంచు తడిమి చూశాడు.

"గిది అమ్మేటిది గదనే. నాది తేలేదా?"

"ఇంక నేత గాలే. వచ్చే వారం తెస్త."

ఈరయ్య రొప్పుతూ గొంగడిని రొమ్ము మీంచి నడుము దాకా జరుపుకున్నాడు. రొమ్ముకు చలి మాత్రం అలాగే తగులుతోంది.

"బస్సుకాడ మూట ఆపలేదు గద?"

"లేదు."

"వాడుండంగ ఎందుకాపుతరు," అన్నాడు ఈరయ్య. "నేను పోయినా నాకు నీ ఫికర్ లేదు. చంద్రప్ప ఉన్నడు."

"ఆ, ఉన్నడు," అంది బుగ్గమ్మ.