యాన్బు గేటు దగ్గర మా అన్నయ్య ముసుగు

మా చిన్నప్పుడు... సౌదీలోని యాన్బులో, సెలవురోజైన శుక్రవారం వచ్చిందంటే మా ఇంట్లో రెండు యుద్ధాలు జరిగేవి. ఒకటి హాల్లో టీవీ ముందు, ఇంకొకటి లోపలి గదిలో కంప్యూటర్ ముందు.

లోపలి యుద్ధం నాదీ, మా అన్నయ్య శిరీష్‌దీ. ఇద్దరికీ కలిపి ఒకే కీబోర్డు, ఒకే తుపాకుల ఆట. ఆటలో ఒకరు చచ్చేదాకా రెండోవాళ్ళకు వంతు రాదు. వాడు ఓ పట్టాన చచ్చేవాడు కాదు. ఓపిక నశించి నేను జుట్టు పట్టుకుని లాగేదాన్ని... వాడు నా చెయ్యి కొరికేవాడు. ఆ పంటి గాట్లు బడిలో అందరికీ చూపించి గొప్పలు పోయేదాన్ని.

హాల్లో యుద్ధం నాన్నదీ, పక్కింటి సుబ్బరాయుడు అంకుల్‌దీ. ఇద్దరూ రిఫైనరీలో టెక్నీషియన్లు. మాది కాకినాడ, ఆయనది కడప. టీవీలో పక్క దేశం మీద బాంబులు పడుతుంటే, వీళ్ళు చేపల పులుసు కలుపుకుంటూ ఎవరిది న్యాయమో తేల్చేసేవారు. అక్కడ తేలకపోతే మా ఆట మీద పడేవారు.

“ఆ కాల్చుకునే ఆట మాన్పిచ్చు సామీ. పిల్లోల్లు అది జూసి ఏం నేర్చుకుంటారు?” అనేవారు అంకుల్.

“ఆటండీ అది. నేను కోడిపందాలు చూస్తా పెరిగాను. ఎవడి పీకైనా కోసేనేంటి?” అనేవారు నాన్న.

ఆ ఏడాది ఊళ్ళో నిజంగానే కాల్పులు జరిగాయి. ముసుగులు కట్టుకుని వచ్చి కాల్చారని పెద్దవాళ్ళు గుసగుసలాడుకునేవారు... మేం వస్తే మాట మార్చేసేవారు. మా కాంపౌండ్ గేటు దగ్గరికి ఇసుక బస్తాలు, మరతుపాకీ బిగించిన జీపు, సైనికులు వచ్చారు. మాకు భయం లేదు సరికదా, కంప్యూటర్లో ఆట వీధిలోకి వచ్చినట్టు సంబరంగా ఉండేది.

ఒక శుక్రవారం భోజనాలయ్యాక అన్నయ్య కొరికిన కొరుకుడికి నా చేతికి రక్తం వచ్చింది. అమ్మ కంప్యూటర్ వైరు పీకేసి, అట్లకాడతో చెరో రెండు తగిలించి, “బయటికెళ్ళి కొట్టుకు చావండి” అని తరిమింది.

బయటికి వెళ్ళాం. రంజాన్ పండక్కి వీధి చివర కొట్లో కొనిపించుకున్న ప్లాస్టిక్ తుపాకులు మా చేతుల్లో ఉన్నాయి... నల్లగా, అచ్చం నిజం వాటిలాగే. మా ఆటలో దొంగల పక్షానికి ముసుగులుంటాయి. అన్నయ్యకు ఎప్పుడూ దొంగల పక్షమే కావాలి. అమ్మ బయటికెళ్తే వేసుకునే అబాయాతో పాటు తలకు చుట్టుకునే నల్ల గుడ్డ దండెం మీద ఆరుతుంటే లాగి, కళ్ళు మాత్రం కనబడేలా ముఖానికి కట్టుకున్నాడు. పన్నెండేళ్ళకే తాటిచెట్టులా ఎదిగిన మనిషి.

నేను పోలీసుని. వాడు గేటు పక్కన ఆగిన నీళ్ళ ట్యాంకర్ వెనక నక్కాడు. నేను అటువైపు నుంచి వస్తున్నాననుకుని, ఆటలో లాగే వంగి, తుపాకీ గురిపెట్టి ఒక్క ఉదుటున దూకాడు. ఎదురుగా నేను లేను... సైనికుడు ఉన్నాడు.

“వగ్గిఫ్” అని అరిచాడు సైనికుడు, ఆగమని. తుపాకీ సిద్ధం చేసిన చప్పుడు వినబడింది... మా స్పీకర్లలో వచ్చేదానికంటే చాలా చిన్న చప్పుడు. అన్నయ్య ఆగాడు. కానీ చేతిలోది కింద పడెయ్యాలని వాడికి తోచలేదు. గురి అలాగే ఉంది. అన్నయ్య చచ్చిపోతున్నాడని నాకు తెలిసిపోయింది.

అంకుల్‌తో కలిసి అటు నడుస్తున్న నాన్న, లుంగీ ఎగగట్టి “వలదీ... వలదీ...” అంటూ పరిగెత్తారు. అరబ్బీలో నా కొడుకు, నా కొడుకు అని. అన్నయ్య మీద పడి నేలకు అదిమేశారు. సైనికుడు ఉరికి వచ్చి, తుపాకీ తిరగేసి నాన్న ముఖం మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. కనుబొమ్మ చీలి రక్తం ముసుగు మీద కారింది. నాన్న రెండు చేతులూ అన్నయ్య తల మీద కప్పి ఉంచారు... ఆ చేతుల మీదా కొట్టాడు. వేలు విరిగింది, అయినా తియ్యలేదు.

అప్పుడు ముసుగు లాగాడు. మూతికి పెరుగన్నం మెతుకు అంటుకున్న పిల్లాడు కనబడ్డాడు.

“వలద్...” అన్నాడు సైనికుడు. పిల్లాడు అని. ఇసుక బస్తా మీద కూలబడి తన చెంపలు తనే వాయించుకున్నాడు. అతనికీ మీసాలు సరిగ్గా రాలేదు.

ఇంటికొచ్చాక, ఒక కన్ను మూసుకుపోయిన నాన్న అన్నయ్యను బెల్టుతో బాదారు. కొడుతూ ఏడ్చారు. బొమ్మ తుపాకులు మోకాలికేసి విరిచారు. అంకుల్ గుడ్డలో ఐసు ముక్కలు కట్టుకొచ్చి నిలబడ్డారు. ముందే చెప్పినా కదా అంటారని అందరం ఎదురుచూశాం. “ఇంక సాల్లే సామీ... బతికినాడు గదా” అన్నారంతే.

ఇప్పుడు ఎక్కడ కాల్పులు జరిగినా ఇక్కడ పోస్టుల్లో మనం వాదన మొదలుపెట్టేస్తాం... ఆటల వల్లని కొందరు, ఫోన్ల వల్లని కొందరు, పెంపకం వల్లని కొందరు. మొన్న అలాంటి పోస్టు కింద ముక్కూమొహం తెలియని మనిషిని నోటికొచ్చినట్టు తిడుతూ ఒక కామెంటు రాశాను. పంపేముందు నాన్నకు ఫోన్ చేసి, “ఇంతకీ ఎవరిది రైటు నాన్నా, మీదా, అంకుల్‌దా?” అని అడిగాను.

నాన్న అటు టీవీ గొంతు తగ్గించారు.

“ట్రిగ్గర్ మీద ఆ సోల్జరు కుర్రోడి వేలు రవ్వంత సేపు ఆగిందమ్మా. అందుకే మనం ఇంకా వాదించుకుంటన్నాం.”

కామెంటు తుడిచేశాను.

అప్పట్లో పులుసు గిన్నె ముందు అంత అరుచుకున్నవాళ్ళు, మర్నాడు పొద్దున్నే ఒకే బస్సెక్కి డ్యూటీకి వెళ్ళేవారు... ఇప్పుడు ఎవరి వేలూ ఆగడం లేదు. మీ చిన్నతనంలో మీ కోసం ఆగిన చెయ్యి ఏదైనా గుర్తుంటే రాయండి... చదవాలనుంది.