మూడుసార్లు పిలిచిన మనిషి

ఫ్రెడరిక్‌స్టెడ్ అనే దీవి ఊళ్ళో ఆల్రీటా హైలిగర్ పేరు అరవై రెండేళ్ళలో ఏ పోలీసు కాగితం మీదకూ ఎక్కలేదు. ఇప్పుడు ఎక్కింది, గుప్పెడు లక్ష్మణఫలం ఆకుల కోసం.

భర్త అన్సెల్మ్ పోయి మూడు నెలలయింది. అప్పటినుంచీ ఆమెకు కంటిమీద కునుకు లేదు. ఆ ఆకులు మరగబెట్టుకుని తాగితే కాస్త నిద్ర పడుతుంది. చెట్టేమో పక్క వీధిలో మిస్ ఓరియల్ (దీవిలో పెద్దావిడ ఎవరైనా మిస్సే) పెరట్లో ఉంది. ఇరవై ఏళ్ళుగా అక్కడే కోసుకునేది. ఓరియల్ ఇల్లు అమ్మేసింది. కొన్నది విట్లాక్ అని, పైదేశం నుంచి వచ్చిన ఆయన.

ఆ పొద్దున ఆల్రీటా గేటు మీద చెయ్యేసి "లోపలా" అని మూడుసార్లు పిలిచింది. లోపల ఎవరున్నారని అడగడమన్నమాట; దీవిలో ఎవరింటికి వెళ్ళినా అంతే, పిలవకుండా కాలు పెట్టరు. లోపల్నుంచి మగ గొంతు "రా, రా, వచ్చేయ్" అంది. వెళ్ళింది, కోసుకుంది, వచ్చింది. మనిషి బయటికి రాలేదేమా అని కొంచెం నొచ్చుకుంది కూడా.

రెండోనాడు, విట్లాక్ ఫిర్యాదు మీద, పోలీసు కుర్రాడు గుమ్మంలోకొచ్చి గుడ్ మార్నింగ్ చెప్పాడు. అతను అడిగిందల్లా ఆమె చెప్పింది. అవును, వెళ్ళాను, కోశాను అంది. చొరబాటు, దొంగతనం అని కేసు రాశారు.

"అంతా ఎందుకు చెప్పారు మిస్ ఆల్రీటా?" అని తల పట్టుకుంది టమీరా, ఆమె తరఫున సర్కారు పెట్టిన వకీలు. "నోరు మూసుకునే హక్కుంది మీకు."

"గుడ్ మార్నింగ్ అన్నవాడికి జవాబు చెప్పకుండా ఎలా ఉంటానమ్మాయీ? మూగదాన్నా, మర్యాద లేనిదాన్నా?"

"గుడ్ మార్నింగ్‌కి గుడ్ మార్నింగ్ చాలు. మిగతాది నాకు చెప్పాలి." టమీరా నవ్వు ఆపుకుని కుర్చీ దగ్గరగా జరుపుకుంది. "వినండి. మీరు నిర్దోషి అని మీరు రుజువు చెయ్యక్కర్లేదు. తప్పు చేశారని వాళ్ళే చూపించాలి. గేటు దాటారన్నది చాలదు. వద్దన్నారని తెలిసీ దాటారని చూపించాలి. సందేహం మిగిలితే దాని లాభం మీదే."

ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది. కేసు నడిపే అవతలి సర్కారు వకీలు ఒక దారి చూపించాడట. తప్పయిందని కోర్టులో ఒప్పుకుంటే ఆ పూటే ఇంటికి పంపుతారు. ఒప్పుకోక ఓడిపోతే జైలు కూడా పడొచ్చు.

"ఒప్పుకోవడమంటే, పిలవకుండా వెళ్ళానని అన్నట్టేగా?"

"అంతే."

"అయితే కుదరదు."

ఆ సాయంత్రం చెల్లెలు వెర్లిన్ బతిమాలింది. "ఒక్క మాట అనేసి రారాదా అక్కా? నోరు అరిగిపోతుందా?"

"అరగదే. కంపు కొడుతుంది. ఆయన పోయాక నాకు మిగిలింది ఈ నోరొక్కటే."

విచారణ రోజున ఆల్రీటా నల్ల గౌను వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది. విట్లాక్ గేటుకు పెట్టిన కెమెరా తీసిన బొమ్మ తెర మీద ఆడింది. శబ్దం లేదు. గేటు మీద ఆమె చెయ్యి, నోరు తెరవడం, ఆగడం, మళ్ళీ తెరవడం. మూడుసార్లు. వెనక బల్లల మీద కూచున్న ఊరి ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె ఏమంటోందో వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆల్రీటాకు లేచి అరవాలనిపించింది. టమీరా మోచేత్తో పొడిచింది. ఊరుకుంది. అన్సెల్మ్ శవం ముందు కూడా అంత కష్టపడి ఊరుకోలేదు.

విట్లాక్ బోనెక్కాడు. ఎవరికీ గుడ్ మార్నింగ్ చెప్పలేదు.

"ఆ వేళ ఇంట్లో ఉన్నారా?" అని అడిగింది టమీరా.

"ఉన్నాను."

"ఎవరైనా పిలవడం వినబడిందా?"

"లోపల, లోపల అని ఎవరో కేకేశారు. రోడ్డు మీద ఎవరో పిల్లల్ని ఇంట్లోకి పొమ్మంటున్నారనుకున్నాను."

వెనక బల్లల్లో ఎవరో దగ్గినట్టు నవ్వారు.

"అప్పుడు మీరేమన్నారు?"

"వాళ్ళనేమీ అనలేదు. నా కుక్కను పిలిచాను."

"ఏమని?"

విట్లాక్ మెడ ఎర్రబడింది. "రా, రా, వచ్చేయ్ అని."

హాలంతా గొల్లున నవ్వింది. దీవిలోనే పుట్టి పెరిగిన జడ్జమ్మ కలంతో బల్ల మీద కొట్టింది గానీ, ఆవిడ మూతి కూడా వంకర పోయింది. లోపలికి రమ్మన్నారని నమ్మి వెళ్ళిన మనిషి, వద్దన్నారని తెలిసి వెళ్ళినట్టు రుజువు కాలేదంది. రమ్మన్నారనుకుని కోసుకున్న ఆకులు దొంగతనమూ కాదని కేసు కొట్టేసింది.

బయట వరండాలో విట్లాక్ ఎదురొచ్చాడు. తప్పుకుని పోబోయాడు. ఆల్రీటా కదల్లేదు.

"మిస్ ఆల్రీటా, ఊరుకునే హక్కు ఇంకా ఉంది మీకు," అని చెవిలో గొణిగింది టమీరా.

"కోర్టు అయిపోయిందిగా అమ్మాయీ." ఆమె అతని మొహంలోకి చూసింది. "నా పేరు ఆల్రీటా హైలిగర్. అన్సెల్మ్ భార్యను. మీ పక్క వీధిలోనే ఉంటాను. దొంగను కాను. ఇప్పుడు మీరెవరో చెప్పండి."

అతను దిక్కులు చూసి, ఏదో గొణిగాడు.

"గట్టిగా," అంది ఆల్రీటా.